బోయిగూడలో ఇల్లు వెతుకుతున్నారా? అద్దె అడిగే ముందు మెట్లు చూడండి

గుంటూరు నుంచో, కాజీపేట నుంచో వచ్చి సికింద్రాబాద్ స్టేషన్‌లో పదో నంబర్ ప్లాట్‌ఫాం వైపు బయటికొస్తే కాళ్ళు పెట్టేది బోయిగూడలోనే. చేతిలో సూట్‌కేసు, చంకలో చంటిబిడ్డ, ఫోన్‌లో నాలుగు టు-లెట్ ఫొటోలు. కొత్త ఉద్యోగం వచ్చి హైదరాబాద్‌కి మకాం మార్చే చాలామంది యువ దంపతులకి నగరం ఇలాగే మొదలవుతుంది. స్టేషన్ దగ్గర, ఆసుపత్రి దగ్గర, మెట్రో దగ్గర, ముషీరాబాద్ పక్కనే కాబట్టి మస్జిదులూ దగ్గరే. ఇంకేం కావాలి అనిపిస్తుంది. అడ్వాన్స్ ఇచ్చేస్తారు. మూడు నెలలయ్యాక గానీ తెలియదు, చూడాల్సినవి కొన్ని చూడలేదని.

బోయీలు అంటే పల్లకీలు మోసేవాళ్ళు. వాళ్ళ గూడెం బోయిగూడ అయిందని చెబుతారు. పక్కనున్న ముషీరాబాద్‌కి నిజాం కాలపు దీవాన్ ముషీరుల్ ముల్క్ అరస్తూ జా పేరు. స్టేషన్ వెనక రైల్వే ఉద్యోగుల ఇళ్ళు, కర్ర, ఇనుము, స్క్రాప్ గోదాములు, వాటి మధ్య అపార్ట్‌మెంట్లు, పాత డాబా ఇళ్ళు, ఇంకాస్త ముందుకెళ్తే గాంధీ ఆసుపత్రి. ఒకే వీధిలో తెలుగు, ఉర్దూ, తమిళం, మరాఠీ, హిందీ వినిపిస్తాయి. ఇంట్లో తెలుగు మాట్లాడుకునే ముస్లిం కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు. పాతబస్తీలో దిగితే మొదటి వారంలోనే "ఉర్దూ నహీ ఆతీ క్యా?" అనే ప్రశ్న ఎదురవుతుంది. పిల్లలు మొహమాటపడతారు, అత్తగారు ఇంకా ఎక్కువ. సికింద్రాబాద్ వైపు ఆ ఇబ్బంది తక్కువ. ఇక్కడ అందరూ ఎక్కడి నుంచో వచ్చినవాళ్ళే.

పేరు చెప్పాక మారే గొంతు

ముందు ఈ సంగతి మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఇల్లు వెతకడం దీనితోనే మొదలవుతుంది. ఫోన్‌లో అద్దె, వాటర్, పార్కింగ్ అన్నీ మాట్లాడాక "మీ పేరేంటండీ?" అంటారు. షేక్ అనో, మొహమ్మద్ అనో వినగానే అటువైపు ఓ క్షణం మౌనం. "అయ్యో, పొద్దున్నే వేరేవాళ్ళు టోకెన్ ఇచ్చేశారండీ." వారం తర్వాత ఆ గేటుకి అదే బోర్డు వేలాడుతూ ఉంటుంది.

ఇది ఎవరి ఊహా కాదు. సుఖదేవ్ థోరట్, ఆయన సహ పరిశోధకులు ఢిల్లీ, దాని చుట్టుపక్కల పట్టణాల్లో అద్దె ఇళ్ళ మీద చేసిన అధ్యయనం 2015లో 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో వచ్చింది. ఒకే రకం ఉద్యోగం, ఒకే రకం కుటుంబం అని చెప్పినా దళిత, ముస్లిం పేర్లతో అడిగినవాళ్ళకి "సరే" అనే జవాబు అగ్రవర్ణ హిందూ పేర్లకంటే బాగా తక్కువగా వచ్చింది. చట్టం దగ్గరికెళ్తే పెద్దగా దొరకదు. రాజ్యాంగంలోని 15వ అధికరణ ప్రభుత్వాన్ని కట్టడి చేస్తుంది. దుకాణాలు, హోటళ్ళు, బావులు, రోడ్ల దగ్గర వివక్షనూ ఆపుతుంది. సొంత ఇల్లు ఎవరికి అద్దెకివ్వాలన్నది మాత్రం అందులోకి నేరుగా రాదు. 2005లో జొరాస్ట్రియన్ హౌసింగ్ సొసైటీ కేసులో సుప్రీంకోర్టు, సభ్యత్వాన్ని పార్సీలకే పరిమితం చేసుకునే నిబంధన చెల్లుతుందని చెప్పింది.

అందుకే అనుభవం ఉన్నవాళ్ళు చెప్పే మాట ఒకటుంది: పేరు ఫోన్‌లోనే, మొదటి వాక్యంలోనే చెప్పేయాలి. ఫోన్‌లో "లేదు" అంటే అర నిమిషం బాధ. భార్యనీ బిడ్డనీ ఎండలో ఆటో ఎక్కించుకుని వెళ్ళి గుమ్మం దగ్గర వినడం వేరు. మాంసం వండుకోవడం గురించి, ఖుర్బానీ గురించి, బుర్ఖా గురించి ఓనర్‌కి ఏమైనా షరతులుంటే అవీ ముందే బయటపెట్టించాలి. "చూద్దాం లెండి" అనే ఓనర్ కంటే సూటిగా చెప్పే ఓనర్ నయం.

మనవాళ్ళ వైపూ ఓ మాట ఉంది. "ఓన్లీ ముస్లిం ఫ్యామిలీ" అని బోర్డు పెట్టే ఓనర్లు తక్కువేం లేరు. అది తప్పనిపించనివాళ్ళకి ఇది ఎలా తప్పవుతుందో ఆలోచించుకోవాలి.

మనవాళ్ళ మధ్యా, అందరి మధ్యా?

2006లో జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ ఈ విషయం గురించి రాసింది. భద్రత కోసం ముస్లింలు ఒకేచోట గుమికూడుతున్నారని, అలా గుమికూడిన బస్తీలకి నీళ్ళు, డ్రైనేజీ, బడి, బ్యాంకు సరిగా అందడం లేదని. అంటే అభద్రత ఒకవైపు తోస్తే, వసతులు లేకపోవడం ఇంకోవైపు లాగుతుంది. బోయిగూడ ఈ రెంటికీ మధ్యలో ఉన్న చోటు. బోనాలు, గణేశ్ ఊరేగింపు, మీలాద్ జెండాలు అన్నీ ఈ చుట్టుపక్కలే కనిపిస్తాయి. ఫజర్ అజాన్ వినపడాలి, నడిచి మస్జిద్‌కి వెళ్ళాలి అనుకునేవాళ్ళు ముషీరాబాద్, భోలక్‌పూర్ వైపు ఒరిగిన వీధులు చూడొచ్చు. నిశ్శబ్దం కావాలంటే పద్మారావునగర్ వైపు వెళ్ళాలి, అక్కడ అద్దె ఎక్కువ.

మక్తబ్ దూరం గురించి మాత్రం తండ్రులు తక్కువ ఆలోచిస్తారు. జుమాకి బైక్ మీద ఎంత దూరమైనా వెళ్ళొచ్చు. అసర్ తర్వాత ఆరేళ్ళ పిల్లని రోజూ మక్తబ్‌కి దింపి తీసుకొచ్చేది సాధారణంగా అమ్మీయే. మెయిన్ రోడ్డు దాటకుండా వెళ్ళే దారి ఉందా అన్నది ఆమె నడిచి చూశాకే తేలాలి.

ఇక మెట్ల సంగతి

2022 మార్చి 23, తెల్లవారుజాము. బోయిగూడలో ఓ స్క్రాప్ గోదాములో మంటలు లేచాయి. పైగదిలో పన్నెండు మంది బీహార్ కూలీలు నిద్రపోతున్నారు. దిగడానికి ఉన్నది ఒక్క మెలిక మెట్ల దారి, అదీ మంటల వైపే. ఒక్కడు దూకి బతికాడు. 11 మంది చనిపోయారు. ఎక్కడో పొట్టకూటికి వచ్చిన పిల్లలు, అద్దె కట్టక్కర్లేదని పని చేసే చోటే పడుకున్నవాళ్ళు.

అదే ఏడాది సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లోనే ఓ లాడ్జి. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన గదులు. 8 మంది పోయారు. 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు, అందరూ ఇరవైల్లో ఉన్నవాళ్ళు. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో 17 మంది, వాళ్ళలో 8 మంది పిల్లలు. ఇది కూలీల గది కాదు, లాడ్జి కాదు, ఒక కుటుంబం ఉండే ఇల్లు. కింద దుకాణాలు, పైన ఇల్లు, లోపలికి ఇరుకైన ఒకే దారి.

ఇలాంటి ప్రమాదాల్లో ఎక్కువమందిని చంపేది మంట కన్నా పొగ. మంట కింద మొదలైతే వేడి గాలి, పొగ పైకి వెళ్ళడానికి దారి వెతుక్కుంటాయి. అపార్ట్‌మెంట్‌లో ఆ దారి మెట్ల గదే. అది పొగగొట్టంలా పని చేస్తుంది. తలుపు తీసి కిందికి పరుగెత్తినవాళ్ళు ఆ పొగలోకే పరుగెత్తుతారు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నాలుగైదు గుక్కలకే తల తిరిగి మనిషి కూలిపోవచ్చు. అందుకే రెండో దారి ఉన్న ఇంటికీ లేని ఇంటికీ తేడా చావు బతుకులంత.

గోదాములు, ఇళ్ళు కలిసిపోయిన బోయిగూడలాంటి చోట ఇల్లు చూసేటప్పుడు హాల్ ఎంతుంది, కిచెన్‌లో చిమ్నీ ఉందా అన్నవి తర్వాత. ముందు గ్రౌండ్ ఫ్లోర్‌లో ఏముందో చూడాలి. షట్టర్ మూసుంటే లోపల ఏం పెడతారో పక్క పాన్ డబ్బా అతన్ని అడిగితే చెబుతాడు, ఓనర్ కంటే నిజం చెబుతాడు. స్క్రాప్, కాటన్, ప్లాస్టిక్, థర్మకోల్, పెయింట్, బ్యాటరీలు అయితే ఆ ఇల్లు ఎంత చవకైనా వదిలేయాలి. చిన్నపిల్లలున్న ఇంటికి దీంట్లో బేరం లేదు.

తర్వాత కరెంటు మీటర్ల బోర్డు. పాత భవనాల్లో అది సరిగ్గా మెట్ల కిందే ఉంటుంది. అదే చోట నాలుగు బైకులు, రెండు ఎలక్ట్రిక్ స్కూటర్లు, ఒక ఎక్స్‌టెన్షన్ బాక్స్ పెట్టి రాత్రంతా చార్జింగ్. ఏదైనా జరిగితే మొదట మూసుకుపోయేది మీరు దిగాల్సిన దారి. పాత కరెంటు బిల్లు ఒకటి అడగండి, అందులో కాంట్రాక్ట్ లోడ్ ఎన్ని కిలోవాట్లో రాసి ఉంటుంది. ఒక కిలోవాట్ లోడ్ ఉన్న పోర్షన్‌లో ఏసీ, గీజర్, ఇస్త్రీ పెట్టె కలిపి వాడితే వైరు వేడెక్కుతుంది. ఫిర్యాదు చేసేదాకా వైరు ఆగదు.

కిటికీలకి గ్రిల్స్ అందరికీ ఉంటాయి, దొంగల భయం మరి. కనీసం ఒక్క గ్రిల్‌కైనా లోపలి నుంచి తెరుచుకునే చిన్న తలుపు ఉందా? బాల్కనీ నుంచి పక్క డాబా మీదికి చేరొచ్చా? పైన టెర్రస్ తలుపుకి తాళం ఎవరి దగ్గర? చాలా చోట్ల వాచ్‌మన్ దగ్గరో, నీళ్ళ ట్యాంకు చూసేవాళ్ళ దగ్గరో ఉంటుంది. ఇవి అడిగితే ఓనర్ వింతగా చూడొచ్చు. చూడనివ్వండి.

నీళ్ళు, నాలాలు

ఇంటి చిరునామాకంటే ఇంటి ఎత్తు ముఖ్యం. 2023 ఏప్రిల్ 29న పక్కనే కళాసిగూడలో, పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం బయల్దేరిన ఓ బడిపిల్ల వాన నీళ్ళలో నాలాలో పడి చనిపోయింది. వాన తగ్గాక ఇల్లు చూడ్డానికి వెళ్ళడం తెలివైన పని. గోడల మీద తడి గీత ఎంత ఎత్తులో ఉందో, మ్యాన్‌హోల్ మూతలు ఉన్నాయో లేవో కంటికే తెలుస్తుంది. సెల్లార్ పోర్షన్, రోడ్డుకన్నా పల్లంగా ఉన్న గ్రౌండ్ ఫ్లోర్ చవగ్గా దొరికితే ఎందుకు చవకో అడగాలి.

తాగే నీళ్ళకి ఇక్కడివాళ్ళు ఇప్పటికీ మంజీరా నీళ్ళు అనే అంటారు. అవి ఏ రోజు, ఎన్నింటికి వస్తాయి, ఎంతసేపు వస్తాయి అన్నది కింద పోర్షన్ ఆడవాళ్ళని అడగాలి. 2009 మేలో భోలక్‌పూర్‌లో తాగునీటి పైపులో మురుగు కలిసి పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు, వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. పాత పైపులు, పక్కనే డ్రైనేజీ ఉన్న వీధుల్లో మొదటి అయిదు నిమిషాల నీళ్ళు వదిలేసి పట్టుకోవడం, పసిపిల్లలకి కాచి చల్లార్చి ఇవ్వడం అప్పటి నుంచీ చాలా ఇళ్ళలో అలవాటు. నీళ్ళు రంగు మారినా, వాసన వచ్చినా జలమండలి నంబర్ 155313. నెలకి ఇరవై వేల లీటర్ల ఉచిత నీటి పథకం 2021 జనవరి నుంచి ఉంది. అయితే ఓనర్ మీటర్ పెట్టించి ఆధార్ జత చేసి ఉంటేనే. లేకపోతే వాటర్ బిల్లు అద్దెదారు మీద పడుతుంది, ముందే తేల్చుకోవాలి.

అద్దె ఒక్కటే లెక్క కాదు

ఓ ఉదాహరణ. భర్తకి హైటెక్ సిటీలో ఉద్యోగం, ఒక పాప యూకేజీ. బాలాపూర్, షాహీన్‌నగర్ వైపు ఇల్లు 9,000కి దొరికిందనుకుందాం. స్కూల్ ఆటో 1,500. బైక్ మీద రోజుకి యాభై కిలోమీటర్లు, నెలకి 26 రోజులు, లీటరుకి 45 కిలోమీటర్ల చొప్పున పెట్రోల్ దగ్గర దగ్గర 3,100. మొత్తం 13,600. బోయిగూడలో 14,000 అద్దె, మెయింటెనెన్స్ ఇంకో వెయ్యి, బడి నడక దూరం, మెట్రో ఖర్చు 2,500 అనుకుంటే 17,500. తేడా 3,900. కానీ రోజుకి ఒక గంట మిగిలితే నెలకి 26 గంటలు. అంటే గంటని 150 రూపాయలకి కొంటున్నట్టు. ఆ గంట పాపతో గడుస్తుందా, ఓవర్‌టైంకి పోతుందా, ఫోన్‌లో పోతుందా అన్నది ఇంటింటి సంగతి. జీతం పాతిక వేలైతే ఆ 3,900 పెద్ద మొత్తమే, మొహమాటం లేకుండా దూరం వెళ్ళడమే సరి.

ప్రయాణానికి బోయిగూడ నిజంగానే మంచి చోటు. సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కితే నీలం లైన్‌లో అమీర్‌పేట మీదుగా హైటెక్ సిటీ, రాయదుర్గం మారకుండా వెళ్ళొచ్చు. గాంధీ ఆసుపత్రి స్టేషన్ ఆకుపచ్చ లైన్ మీద ఉంది. 2020 ఫిబ్రవరి నుంచి నడుస్తున్న ఈ లైన్ జేబీఎస్‌ని ఎంజీబీఎస్‌తో కలుపుతుంది, ఊరెళ్ళే బస్సులకి అదే దారి. ఎంఎంటీఎస్ ఇంకా చవక. లింగంపల్లి వైపు హైటెక్ సిటీ, ఫలక్‌నుమా వైపు డబీర్‌పురా, యాకుత్‌పురా, అంటే పాతబస్తీ చుట్టాల ఇళ్ళు. రైళ్ళు తక్కువ, టైం చూసుకోవాలి. స్టేషన్‌ని దాదాపు 720 కోట్లతో కొత్తగా కడుతున్నారు, 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. ఆ పనుల దుమ్ము, ట్రాఫిక్ ఈ వైపు వీధుల్లోనూ ఉంటుంది. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ మొదలయ్యాక కొన్ని రైళ్ళు అటు వెళ్ళాయి. "స్టేషన్ పక్కనే కదా" అని ఇల్లు తీసుకునేవాళ్ళు తమ ఊరి రైలు ఇప్పుడు ఎక్కడ ఆగుతుందో ఒకసారి చూసుకోవాలి.

గాంధీ ఆసుపత్రి 2003లో పాత ముషీరాబాద్ జైలు స్థలానికి వచ్చింది. అర్ధరాత్రి బిడ్డకి ఫిట్స్ వస్తే పది నిమిషాల్లో చేరగల పెద్దాసుపత్రి ఉండటం ఎంత ధైర్యమో తల్లులకి తెలుసు. ఆసుపత్రికి మరీ ఎదురుగా ఇల్లు తీసుకుంటే రాత్రంతా అంబులెన్స్ సైరన్. రెండు వీధులు లోపలికి ఉంటే చాలు.

కాగితాల దగ్గర

అగ్రిమెంట్ పదకొండు నెలలకే ఎందుకు రాస్తారంటే, ఏడాది దాటిన లీజుని రిజిస్టర్ చేయించాలి, ఆ ఖర్చు ఎవరికీ ఇష్టం లేదు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోసుకోవడం హైదరాబాద్ ఆనవాయితీ. అది ఉంటుందా లేదా, నోటీసు ఎన్ని నెలలు, ఏటా ఎంత శాతం పెంచుతారు అన్నవి రాతలో ఉండాలి. ఓనర్ నిజంగా ఓనరేనా అన్నదానికి ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు మీద పేరు చూస్తే సగం తేలిపోతుంది. ఇల్లు చూడకుండా ఫోన్‌లో టోకెన్ డబ్బు ఎవరికీ పంపకండి.

నాలుగైదు లక్షలు ఒకేసారి ఇచ్చి అద్దె లేకుండా ఉండే పద్ధతి ఒకటుంది, రహన్ అంటారు, భోగ్యం అంటారు. ఇచ్చిన అప్పు మీద లాభం పొందడం కాబట్టి ఎక్కువమంది ఉలమా దీన్ని వడ్డీ కిందే చూస్తారు. అది పక్కన పెట్టినా, రిజిస్టర్ చేయని ఇలాంటి తాకట్టుకి కోర్టులో బలం ఉండదు. ఓనర్ అదే ఇంటిని బ్యాంకులో పెట్టి ఉంటే మీ లక్షలు తిరిగొచ్చే దారి వెతుక్కోవాలి. పెళ్ళినాటి బంగారం అమ్మి ఇలా ఇరుక్కోవద్దు.

బోయిగూడ ఐడీహెచ్ కాలనీలో డబుల్ బెడ్రూం ఇళ్ళు చక్కగా కనిపిస్తాయి. 2015 నవంబర్‌లో మొదలైన ఆ 396 ఇళ్ళు అక్కడి పాత బస్తీవాసులకి ప్రభుత్వం ఇచ్చినవి. అలాంటి ఇళ్ళని అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు. ఎవరైనా "అగ్రిమెంట్ లేకుండా ఇస్తాం" అంటే కారణం అదే.

ఆంధ్రా నుంచి వచ్చేవాళ్ళకి ఆధార్‌లో అడ్రస్ మార్పు తొందర పని. మహాలక్ష్మి ఉచిత బస్సుకి తెలంగాణ అడ్రస్ ఉన్న గుర్తింపు కార్డు కావాలి. ఓటుకి ఫారం 8. గృహజ్యోతి 200 యూనిట్లు అద్దెదారులకీ వర్తిస్తుంది గానీ తెల్ల రేషన్ కార్డు ఉండాలి. పిల్లల టీసీతో పాటు పెన్ నంబర్ కూడా పాత బడి నుంచి రాయించుకు రండి. టీకాల కార్డు పెట్టె అడుగున పెట్టొద్దు, బుధవారం, శనివారం ఉచిత టీకాలకి అది కావాలి. కొత్త బడి పేరు చూసి కాదు, ఆ బ్రాంచికే గుర్తింపు ఉందో లేదో అడిగి చేర్చండి. 2018 చట్టం ప్రకారం తెలంగాణ బడుల్లో తెలుగు తప్పనిసరి, మన పిల్లలకి అది బరువు కాదు. ఉర్దూ రాయడం ఎక్కడ నేర్పాలన్నదే ప్రశ్న, మళ్ళీ మక్తబ్ దూరం దగ్గరికే వస్తాం. మైనారిటీ గురుకులాలు అయిదో తరగతి నుంచే కాబట్టి యూకేజీ పాప తల్లిదండ్రులకి ఇంకా టైం ఉంది.

ఇల్లు ఖాయం చేసుకునే ముందు ఇంకోసారి, రాత్రి తొమ్మిది తర్వాత వెళ్ళి చూడండి. వీధి దీపాలు వెలుగుతున్నాయా, కుక్కలు ఎన్ని ఉన్నాయి, గోదాములకి లారీలు ఏ టైంలో వస్తున్నాయి, మెట్ల కింద ఏ బండి చార్జింగ్‌లో ఉంది, అన్నీ అప్పుడే కనిపిస్తాయి. నచ్చితే అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే టెర్రస్ తాళం చెవి రెండోది ఒకటి మీకూ చేయించి ఇమ్మనండి. స్టేషన్ ముందు తాళాలు చేసేవాళ్ళు ఎంతోమంది, పెద్ద ఖర్చు కూడా కాదు.